తక్కువ తూగిన రాయి

బున్యోన్యి సరస్సు మీద మంచు ఇంకా విడవకముందే
ఆదివారం డోలు కొట్టేది నేనే.
పదకొండేళ్లుగా నేనే.
ఆ మోత విని మెట్లు మెట్లుగా చెక్కిన కొండల మీంచి
జొన్నచేల మధ్యగా జనం దిగేవారు,
లోయలోవాళ్లు ఎక్కేవారు,
చెప్పులు చేతపట్టుకుని వచ్చి చర్చి గడప దగ్గర తొడుక్కుని.
కూర్చునేవారు. ఆవలించేవారు.
సంఘపెద్దని కదా, ముందు బల్ల నాది.
కళ్లు మూసుకుని
చిక్కుడు గింజల ధర లెక్కేసుకునేవాణ్ణి.

సోమవారం నుంచి శనివారం దాకా
అదే చేత్తో తక్కెడ పట్టేవాణ్ణి.

ఆ రోజు ప్రసంగం గొప్పదేం కాదు.
పాస్టర్ న్ద్యనాబోకి జలుబు,
సగం వాక్యాలు ముక్కులోనే ఉండిపోయాయి.
మధ్యలో క్యోముహంగి లేచింది,
ఎప్పుడూ వెనక గోడకి ఆనుకుని
బిడ్డకి పాలిచ్చే మనిషి.
చేతిలో పార.
"ఇది కెమిగిషాది. మూడేళ్ల కింద
గట్టు మీద మరిచిపోతే తీసుకున్నాను.
పిడి మార్చాను.
ఇనుము మార్చలేకపోయాను."

అంతే. ఏడవలేదు.
పారని ఆవిడ కాళ్ల ముందు పెట్టింది.
సిమెంటు నేల మీద ఆ ఇనుము చేసినంత చప్పుడు
నా డోలు ఎన్నడూ చెయ్యలేదు.

తర్వాత జరిగింది వరసగా చెప్పలేను.
ఊరంతా జడిసే బిటారబేహో
ముక్కు చీదుకుంటూ ఒక మేకపిల్ల సంగతి చెప్పాడు.
ఆరేళ్లుగా మాటల్లేని తోడికోడళ్లు
ఒకరి తలగుడ్డలో ఒకరు ముఖం దాచుకున్నారు.
ఎవరో పాట ఎత్తారు, శ్రుతి తప్పింది,
ఎవరూ సరిచెయ్యలేదు.
పొద్దు వాలింది.
పొయ్యి మీద పెట్టొచ్చిన చిలగడదుంపలు
ఇళ్లన్నిట్లో మాడిపోయే ఉంటాయి.

గుమ్మడికాయల దొంగంటే
భుజాలు తడుముకునేవాడు వెర్రివాడు.
నేను తడుముకోలేదు.
"స్తోత్రం" అన్నాను,
అందరికంటే గట్టిగా.

మూడు వారాలు.
బాకీలు తీరుతున్నాయి, కోళ్లు ఇళ్లు మారుతున్నాయి,
సారాకుండలు గుమ్మాల ముందు పగులుతున్నాయి.
మా కొట్లో రెండు కిలోల రాయి మాత్రం
ఉన్నచోటే ఉంది.
దాని అడుగున నేను తొలిపించిన గుంట,
గుంటలో మసి కలిపి నింపిన తేనెమైనం.
తడిమితే ఇనుమంతా చల్లగా,
అక్కడొక్కచోట కాస్త వెచ్చగా.
రాత్రుళ్లు ఆ వెచ్చదనం
అరచేతిని నిద్రపోనిచ్చేది కాదు.

నాలుగో శుక్రవారం లాంతరు లేకుండా కొండ దిగి
కెమిగిషా తలుపు తట్టాను.
మొగుడు పోయిన మనిషి.
ఏడాదికి రెండు పంటలూ నాకే అమ్మేది.
రాయి తిరగేసి చూపించాను.
అన్నేళ్లు ప్రార్థనలు నడిపిన నోరు
ఒక్క మాటా కూర్చుకోలేకపోయింది.

మైనం గీకి, వేలు పెట్టి
గుంట లోతు చూసింది.
"ఇంతేనా," అంది.
"ఇంకా ఎక్కువనుకున్నాం."

తెలుసా మీకు?
"ఆయనకీ తెలుసు. పోయేముందు చెప్పాడు,
అతన్ని అడక్కు,
అడిగితే అబద్ధమాడతాడు,
ఆ పాపం కూడా మనవల్ల ఎందుకూ, అని."

అప్పుడొచ్చింది ఏడుపు,
ఊట మీంచి బండ జరిగినట్టు.
ఆవిడ ఓదార్చలేదు.
పీట వేసింది. చాప మీద గింజలు పోసింది.
"మొదటి పంట నుంచి లెక్కేద్దాం," అంది.
బుట్టకొక గింజ.
తెల్లారేసరికి ఇంకా
ఐదో ఏడులోనే ఉన్నాం.

ఆదివారం డోలు మీదికి చెయ్యి లేవలేదు.
క్యోముహంగి పెద్దకొడుకుని కొట్టమన్నాను.
వాడికి తాళం రాదు.
నేను లోయలోకి దిగిపోయాను, చాలా దూరం,
జొన్నకంకుల మంచు మోకాళ్లకి తగిలేదాకా.
అక్కణ్ణుంచి విన్నాను.
డోలు పక్కనే నిలబడ్డ నాకు
ఇన్నాళ్లూ మోతే తెలుసు.
తడబడుతూ, ఆగుతూ, మళ్లీ మొదలవుతూ
పైనుంచి ఎవరో పిలుస్తున్నారు.

చెప్పులు విప్పి చేత్తో పట్టుకున్నాను.