తలల లెక్క

తెల్లారి నాలుగున్నరకి తిరుపతి బస్టాండులో
దొరస్వామి టార్చి వేసి మమ్మల్ని లెక్కపెడతాడు.
ఒకటి అనడు. చెనక్కాయలు కొలిచిన ఇంటివాడు:
లాభం, రెండు, మూడు...

భాకరాపేట ఘాటు దాటితే ఎండుటాకుల వాసన.
ఢిల్లీరాణి ఊరిబిండి డబ్బా మూత తీసిందంటే
తలకోన ఇంకా చాలా దూరమని అర్థం.
అడవిలో ఏదీ ఏరకూడదు, రాలిన ఈకైనా సరే.
మా కొండదారుల సంఘానికి ఉన్న నియమం అదొక్కటే.

నా మోకాలు నిరుడే రాజీనామా ఇచ్చింది.
వాగొడ్డు బండ మీద నేను,
పదహారు సంచులు,
వాటి జిప్పుల మీదే కన్నేసిన కోతి.
ఎక్కడో పైన చెంగల్రాయులు కేకేస్తాడు.
ముందు కొండ బదులిస్తుంది,
తర్వాత నేను.

మాపటేళకి దిగొస్తారు
తడిగుడ్డలతో, ఉత్తచేతులతో.
అయినా ఒక్కొక్కరూ ఒక్కో జలపాతం తెచ్చి
నా ముందు కుమ్మరిస్తారు.
ఏ రెండూ ఒకే ఎత్తుండవు.
కోతి ఏం తిన్నదో నేనూ చెబుతాను,
కాస్త పెంచి.

బస్సెక్కే ముందు మళ్లీ టార్చి.
ఏడాదిగా ఒక్క గుట్టా ఎక్కని
నా మొహమ్మీదే మొదట పడుతుంది వెలుతురు.

"లాభం," అంటాడు దొరస్వామి.