గుర్తు తెలియని ప్రచురణకర్త

బార్న్‌స్లీలో మా వీధి ఏటవాలు.
మేడ మీద చిన్న గది, మంచం పట్టదు.
బల్ల, రెండు తెరలు, నేను,
కాళ్ల దగ్గర గరగరలాడే హీటరు.
ఇదే నా కంపెనీ. సిబ్బంది మొత్తం హాజరు.

నేను అమ్మేది పావురాల లెక్క.
పందెం పిట్టని ఎక్కడ వదిలారు, ఎన్నింటికి వదిలారు,
గూడు ఎప్పుడు చేరింది,
నిమిషానికి ఎన్ని గజాలు ఎగిరింది.
పద్నాలుగేళ్లుగా ఇదొక్కటే.
ఇరవై తొమ్మిది పౌండ్లు, ఒక్కసారి ఇస్తే చాలు.
"నెలనెలా అద్దెకిచ్చుకోవచ్చుగా" అంటుంది
లీడ్స్ నుంచి వచ్చినప్పుడల్లా మా ఆడపడుచు సువర్చల.
పావురాన్ని అమ్మినవాడు
ఈకకింత అని నెలనెలా వసూలు చేస్తాడా?

కొత్త కంప్యూటర్లో నా ప్రోగ్రాం తెరవబోతే
ముందు ఒక నీలం గోడ లేస్తుంది:
ప్రచురణకర్త ఎవరో తెలియదు, జాగ్రత్త!
తెలియాలంటే ఏటేటా ఒక ధ్రువపత్రం కొనాలి.
పోయినేడు ఆ డబ్బుతో బాయిలర్ బాగుచేయించాం.
పేరు కన్నా వేణ్ణీళ్లు ముఖ్యమనిపించింది.

ఎవరో ఎక్కడో నా తాళం విరగ్గొట్టి
ఊరికే పంచుతున్నాడని తెలిసిన రోజు
కోపం రావాలి, వచ్చింది కూడా.
కాసేపటికి,
నా రాతని ఇంత శ్రద్ధగా చదివినవాడు
ఇంకొకడు లేడు కదా అనిపించింది.

ఆర్నాల్డ్ హేగ్ గారికి ఈమెయిల్ గిట్టదు.
ఫోనే. అదీ నేను పోపు వేసే వేళకి.
"నీ లెక్క తప్పమ్మాయ్.
నా పిట్ట మంచిదే, మరీ అంత మంచిది కాదు."
ఫ్రాన్సులో వదిలిన గంట ఫ్రాన్సుది,
గూటికి చేరిన గంట మనది,
మధ్యలో ఒక గంటని నా ప్రోగ్రాం గుటుక్కున మింగింది.
ఆయన ముసలి ఆడపావురం
డేగలా మొదటి స్థానంలో కూర్చుంది.
ఎవరూ కనిపెట్టలేదు.
ఆయనే చెప్పి కప్పు తిరిగిచ్చేశాడు.

రాత్రి రెండింటిదాకా వెతికాను.
ఒకే ఒక్క తీసివేత, మర్చిపోయాను.
సరిచేసి, ఆయన కోరినట్టే సీడీలో వేసి,
పైన నీలం సిరాతో వెర్షను అంకె రాసి
పోస్టు చేశాను.
బదులుగా న్యూస్‌పేపర్లో చుట్టిన రబర్బ్ కాడలు వచ్చాయి.
గోంగూర అనుకొని పచ్చడి నూరేశాను,
నాలిక ఒప్పుకుంది.

ఫిబ్రవరిలో అదే నంబరు. గొంతు డొరీన్ గారిది.
"ఆర్నాల్డ్ లేడమ్మా. పోయిన నెల."
పిట్టల్ని క్లబ్బువాళ్లు పంచుకున్నారట.
ఒకటి మాత్రం రెండుసార్లు వెనక్కొచ్చేసింది,
ఇక ఉండనిచ్చాను అంది.
మనవరాలు కొత్త కంప్యూటర్ తెచ్చింది,
పాత పందేలన్నీ అందులో వేసింది.
మీ ప్రోగ్రాం తాళంచెవి అడుగుతోంది.
కాసేపు ఆగి,
"తెరవగానే కింద ఒక వరుస వచ్చేది,
'ఈ ప్రతి ఆర్నాల్డ్ హేగ్ గారిది' అని.
అది నా పేరుకి మార్చాలా?"

మార్చక్కర్లేదు.
ఆ తాళం, మొదటి ఏడాది నేను అల్లిన చిన్న లెక్క.
పేరులో అక్షరాల్ని తిప్పి, తొక్కి, కలిపి
పదహారక్షరాల చెవి తీస్తుంది.
పేరు మారితేనే చెవి మారుతుంది.
మనిషి ఉన్నాడా అని అది అడగదు.

ఒక్కో అక్షరం చదివాను.
ఆవిడ ఒక్కోటి తిరిగి చెప్పింది.
వెనకాల ఎక్కడో, వంటింట్లోకి రానిచ్చినట్టుంది,
ఆ పిట్ట గురగురలాడుతోంది.
తొమ్మిదో దాని దగ్గర ఆగింది.
"ఇది సున్నానా, ఓ అక్షరమా?"
"సున్నా."
"ఎప్పుడూ ఇక్కడే తిట్టుకునేవాడు."

ఫోను పెట్టేశాక
రేపటి పనుల చీటీ మీద రాసుకున్నాను:
ప్రింటులో ఎడమ అంచు సరిచెయ్యాలి,
హీటరుకి కొత్త ప్లగ్గు,
తాళంచెవుల్లోంచి సున్నాలు తీసెయ్యాలి.
మూడోది కొట్టేశాను.
తీసేస్తే పాత చెవులు పట్టవు.