పచ్చ

పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనిపిస్తుందంటారు.
వార్డులో నేను నేర్చుకున్నది తిరగేసిన సామెత:
బిడ్డ పచ్చబడుతుంటే
లోకానికి ఏమీ కనిపించదు.

తిరుపతి, జూన్. మామిడి లారీలు రోడ్డెక్కిన నెల.
పొద్దున ముందుగా ఒకే బడి పిల్లలు నలుగురు,
బోరింగు నీళ్లు తెచ్చిన కామెర్లు.
వాంతులు తగ్గగానే గోడవార గోలీలాట మొదలెట్టారు.
వాళ్ల కాలేయం తనను తానే కుట్టుకుంటుంది,
మేం అడ్డు రాకుంటే చాలు.
తర్వాత చెంగల్రాయుడు, ఏడో తరగతి.
దస్తూరీ ఆర్నెల్లుగా వంకర్లు పోతోందని
టీచరు కొట్టిందట.
లైటు వేసి చూస్తే
నల్లగుడ్డు చుట్టూ సన్నటి రాగి అంచు,
తోమినా పోని చెంబు గీతలాగా.
కేసు షీటులో బెత్తం గురించి రాసే గడి లేదు.

నలభై మూడో చీటీ ఢిల్లీరాణిది.
బంగారుపాళెం దగ్గర గుజ్జు ఫ్యాక్టరీలో కాయలు ఏరే పని.
ఒళ్లో నలభై ఆరు రోజుల పాప, ఇంకా పేరు పెట్టలేదు.
"పొద్దుటెండలో పెట్టమన్నారు, పెట్టినా.
ఆకు పసరు పిండుతామంటే పిండనిచ్చినా.
పొట్ట మీద వాత పెడతామన్నాక
బస్సెక్కేసినా."

"దొడ్డికి ఏ రంగులో పోతోందిమా?"
ఇంతవరకూ ఎవరూ అడగలేదట.
సంచిలోంచి మడిచిన గుడ్డ తీసింది.
విప్పాను.
సుద్ద. తడిపిన ముగ్గుపిండి.
ఉచ్చ గుడ్డేమో ఉతికినా వదలని పసుపు.
ఉండాల్సిన చోట లేని రంగు
ఉండకూడని చోట కాపురం పెట్టింది.

"నాకు అనుమానమే మేడమ్.
రోజూ వేల కాయలు చూస్తా,
చెట్టున మాగిందేదో మందేసి మాగబెట్టిందేదో
చెయ్యి పెట్టకుండానే చెప్తా.
మా అత్తేమో, తాగేది పాలే గదా,
తెల్లగానే పోతుందిలే, అనింది."

పక్కటెముకల కింద వేళ్లు పెట్టాను.
కార్జం అంచు రెండు వేళ్లు దిగింది,
పచ్చి జామకాయంత గట్టిగా.
రక్తానికి రాశాను. మొత్తం పసుపు ఎంతో సరే,
అందులో ఏ వాటా ఎంతో విడదీసి చెప్పమని.
స్కానింగుకు నాలుగు గంటలు పాలివ్వొద్దన్నాం.
ఆ నాలుగు గంటలూ రాణి వరండాలో నడిచింది,
పాప ఏడ్చినప్పుడల్లా జాకెట్టు తడిసిపోతుంటే.
తెర మీద పిత్తాశయం ఉండాల్సిన చోట
ఎండిన చింతగింజంత నీడ.

అరవై రోజుల లోపు అయితే మంచిది, అన్నాడు సర్జన్.
వేళ్ల మీద లెక్కపెట్టుకుంది. పద్నాలుగు.
"సీజను ఇంకా ఇరవై రోజులుంది మేడమ్, కూలి పోతుంది"
అని, కాసేపాగి తనే
"పోనీలే."

యాభై మూడో రోజున ఆపరేషన్.
నాళం మూసుకుపోయిన చోట
పేగునే పైకి తెచ్చి కాలేయానికి కుట్టారు.
పారుతుందో లేదో ఆ పేగుకే తెలియాలి.
ఎన్నాళ్లు పారుతుందో దానికీ తెలియదు.
నేను రాణికి ఇదే చెప్పాను, ఇంకొంచెం మెత్తగా.

తొమ్మిదో రోజు, తెల్లవారుజామున నాలుగున్నరకు
డ్యూటీ రూము తలుపు కొట్టింది,
రెండు చేతుల్లో గుడ్డ, ప్రసాదం పట్టుకున్నట్టు.
"రంగొచ్చింది మేడమ్!"
నిద్రకళ్లతో అడిగాను: ఆకుపచ్చా, పసుపుపచ్చా?
ట్యూబులైటు కిందికి జరిగి
కాయను చూసినట్టే చూసింది, తొందరపడకుండా.
"పచ్చ" అంది.