సున్న ఉండాల్సిన చోట

పుష్యమాసంల పూసలు గుచ్చేంత పొద్దు గూడ ఉండదంటరు.
మన్ననూరు ఘాటెక్కినంక పొద్దు సంగతి దేవుడెరుగు,
వేళ్లే లేవు గుచ్చెతందుకు.
అయిదున్నరకు ఫోను:
"ఉస్తాద్, మళ్ల లేస్తలేదు."

లేవంది మనిషి గాదు,
మూడు సిలిండర్ల చిన్న తవ్వుడు మిషను.
పైపులైను కాలువ సగంల
బకెట్టు నేలకానిచ్చి
మొండికేసిన దున్న లెక్క పండుకున్నది.

నేను పోయేసరికి వల్లెపు జంపయ్య
డీజిల్ల ముంచిన పేలిక ముట్టించి
గాలి ఫిల్టరు మూతికాడ పట్టుకున్నడు.
"ఆర్పుర ముందు."
ఆ పొద్దు నా మొదటి మాట అదే.
"కొత్త బ్యాటరీ ఏసిన. హీటరు ప్లగ్గులు మూడు మార్చిన.
ఇంకేం ముట్టియ్యాలె నేను, నన్ను నేనా?"

చావి తిప్పితే డ్యాషు మీద
చుట్టలు చుట్టిన తీగె బొమ్మ పచ్చగ వెలుగుతది,
పది లెక్కవెట్టేలోపు ఆరుతది.
వెలిగితే వేడెక్కినట్టేనని జంపయ్య నమ్మకం.
నేనూ నమ్మిన, పనిల కొత్తల.
ఆ దీపం చెప్పేది ఒక్కటే:
వేడెక్కుమని చెప్పిన, అని.
ఎక్కిందో లేదో దానికేం తెలుసు.

ఫ్యూజు బాగనే ఉన్నది. రిలే టక్కుమన్నది.
ప్లగ్గుల నెత్తిన పట్టీకి మీటరు పుల్ల ఒకటి,
బ్యాటరీ మైనస్‌కు ఒకటి:
పదకొండు ముప్పావు.
ఒక ప్లగ్గు ఇప్పి నేరుగ బ్యాటరీకి ముట్టిచ్చిన.
చూస్తుండంగనే కొన
మోదుగు మొగ్గయింది.
జంపయ్య నవ్విండు. నాకు నవ్వు రాలే.
వచ్చేది వస్తున్నది, కాలేది కాలుతున్నది,
ఇంజన్ల కూసున్నంక ఎవలకేమొచ్చింది?
స్టార్టరు గూడ నిద్రల నడిసినట్టు తిరుగుతుండె.
చలి అనుకున్నం. చలి మీద ఎన్ని తప్పులేస్తమో.

చానసేపటికి తట్టింది.
పుల్ల ఒకటి ఇంజను ఒంటికి,
రెండోది మైనస్‌కు. చావి పట్టుమన్న.
అక్కడ సున్న ఉండాలె.
రెండూ ఒకటే ఇల్లు, తేడా ఎందుకొస్తది?
నాలుగున్నర.

"ఎర్తు అందుతలేదు జంపయ్యా."
"ఎర్తంటే?"
"మన్ను."
మోకాళ్లదాక మన్నుల నిలవడి ఉన్నడు.
తాత పలుగు, నాయిన పలుగు,
తల్లి నెత్తిన తట్ట,
ఏ కట్ట కింద ఎవరి చెమట ఉన్నదో
ఊర్ల పేర్లతోటి సహా చెప్తడు.
"మాకా, మన్ను అందనిది?"
ఎక్కిరిస్తున్నడో ఇంకేమన్ననో
ఆ చీకట్ల మొఖం కనవడలే.

సీటు కింద దొరికింది, అల్లిన రాగి పట్టీ.
అమ్మినోడు అమ్మే ముందు
మిషను మొత్తం పసుపురంగు కొట్టిచ్చిండట.
ఆ రంగు చూసే ఇరవైవేలు ఎక్కువిచ్చిండట ఈయన.
బోల్టు కిందికి గూడ దిగింది రంగు,
దాని మీద పట్టీ, పట్టీ చుట్టూ తుప్పు.
గరుకు కాయితంతోని రుద్దిన,
ఇనుము తెల్లగ నవ్వేదాక.
వేలు తెగింది, నెత్తురు గూడ బద్ధకంగనే వచ్చింది.
బిగిచ్చి మళ్ల చూస్తే
సున్నా పక్కన చుక్క, చుక్క పక్కన సున్నా, ఏడు.
దాన్ని సున్న అనొచ్చు.
ఉత్త సున్న నేనైతే ఎన్నడు చూడలే.

రెండు దగ్గులు. తెల్లపొగ.
మూడో దగ్గుకు అందుకున్నది.
జంపయ్య ఎక్కి, కడుపుల ఏం లేకున్నా
బకెట్టు దించి లేపిండు.
ఎర్రమన్ను లోపల్నుంచి
సన్నగ ఆవిర్లు లేచినయి.
ఇంత చలిల అది ఎక్కడ దాచుకున్నదో.
ఇద్దరం ఊకనే చూసినం కొద్దిసేపు.

కూలి నాలుగు వందలు.
"ఫోన్ల కొట్టిన" అన్నడు. ఘాటు మీద సిగ్నల్ యాడిది.
మూడు రోజులాయె.
ఆయన దాన్ల పోయినట్టే చూపిస్తున్నదట,
పచ్చగ.
నా దాన్ల
సున్న.