వెనక ముఖం

గాంధీనగర్లో నలభై ఏళ్ళు
నలభై అడుగుల హీరోయిన్ల కళ్ళు గీశాను,
గళ్ళు కొట్టి, కనుబొమ్మకో నిచ్చెన మెట్టు ఎక్కి.
ఫ్లెక్సీలొచ్చాక బ్రష్షులు కిరసనాయిల్లోనే ఉండిపోయాయి.

ఇప్పుడు మొగల్రాజపురంలో ఆడపిల్లల కాలేజీ గోడ.
ప్రిన్సిపాల్ గారు చేతిలో పెట్టింది అట్టలూడిన పుస్తకం,
ఐదొందల ఏళ్ళ కిందటి ఇటలీ బొమ్మలు.
"వీళ్ళు దేవతలు కారు సుదర్శనం గారూ,
గుణాలు. ఏడుగురు.
కాలేజీ తెరిచేలోగా అయిపోవాలి."

గుణాలకి ఒళ్ళుంటుందని నాకప్పుడే తెలిసింది.
గాలి పోసుకున్న దుప్పట్లలాంటి బట్టలు,
ఒక్కదానికీ చెమట పట్టదు.
బెజవాడలో అయ్యే పనేనా?

విశ్వాసం, దయ సులువుగానే వచ్చాయి;
ఎందరు సినిమా తల్లుల్ని వేసిన చెయ్యి ఇది.
ధైర్యం విరిగిన స్తంభాన్ని కౌగిలించుకుని ఉంది,
బెంజి సర్కిల్ పిల్లరు వేసిచ్చాను.
ఆశకి లంగరు. సీతానగరం రేవుకి పోయి
పడవలోళ్ళనడిగి తుప్పు రంగు చూసొచ్చాను.
న్యాయానికి కళ్ళగంతలు కట్టమన్నారు మేడం.
పుస్తకంలో లేవండీ, అన్నాను.
నాకొచ్చిన విద్యల్లా కళ్ళే, అవీ మూసేస్తే ఎట్లా?

నిగ్రహం ఒక కూజాలోంచి ఇంకో కూజాలోకి
నీళ్ళు వంచుతూనే ఉంటుంది.
గేటు దగ్గర కూచునే నాంచారమ్మ చూసి
"ఎందాక పోస్తదయ్యా అట్టా?
మా పంపు ఐదున్నరకే ఆగిపోద్ది" అంది.

చివరికి మిగిలింది వివేకం.
చేతిలో అద్దం, మణికట్టుకి పాము.
ముఖం దొరక్క మూడు రోజులు గోడ ఖాళీ.
నాలుగోనాడు నాంచారమ్మ
సెల్‌ఫోన్లో చూసుకుంటూ
ముక్కు మీద సున్నం చుక్క తుడుచుకుంది.
అంతే. ఆ మెడ, ఆ ఓరచూపు
దొంగిలించాను.

పుస్తకంలో ఇంకోటుంది, భూతద్దం పెడితే గాని కనపడదు:
ఆమె తల వెనక, జుట్టులోంచి,
ఒక ముసలాడి ముఖం.
అయిపోయినదాన్ని చూడ్డానికట.

ఇన్నేళ్ళలో ఏ బ్యానర్ మీదా
నా పేరు అరచెయ్యి మించి లేదు.
కుడివైపు, కింది మూల.
వాన ముందు ఆ మూలనే కడిగేది.

ఆదివారం. ఎవరూ లేరు.
బక్కెట్లో నీళ్ళు తేరుకున్నాక వంగి చూసుకున్నాను.
నెరిసిన గడ్డం, ఎడమ రెప్ప మీద
ఎండిన పచ్చ రంగు.
బొటనవేలు చాచి కొలత తీసుకున్నాను.

సోమవారం నాంచారమ్మ గోడ ముందు చాలాసేపు నిలబడింది.
తన ముఖాన్ని పోల్చుకోలేదు.
"ఆ తాతెవరయ్యా, పాపం, ఎండ వైపు తిరిగున్నాడు"
అని, రంగు ఆరిందో లేదో వేలితో తాకి,
పోతూ పోతూ
గోడకొక కొబ్బరి మట్ట వాల్చిపోయింది.