రెండో కార్డు

టెక్కలి ఎక్స్‌ఛేంజి మేడ మీద గదిలో
ఏసీ చలికి చెవులకి తుండు చుట్టుకుని
మక్సు ముందు గొంతుక్కూర్చున్నాను.

శ్రీకాకుళం నుంచి జీపులో వచ్చింది,
అట్టపెట్టెలో, నురుగు ముక్కల మధ్య,
రెండో కార్డు.
మొదటిదానికి అచ్చం తోబుట్టువు.
అదే ఆకుపచ్చ, అవే బంగారు పళ్లు,
నంబరులో చివరి అంకె ఒక్కటే తేడా.

మణికట్టుకి ఎర్తు పట్టీ కట్టుకుని
ఖాళీ గాడిలోకి మెల్లగా తోశాను.
టిక్కుమంది.
కాసేపు ఎర్రగా, కాసేపు పసుపుగా ఆలోచించి
దీపం ఆఖరికి
పోనీలే అన్నట్టు పచ్చబడింది.

ఇకనుంచి దీని ఉద్యోగం
మొదటి కార్డు విన్న ప్రతి మాటా వినడం,
ఒక్క మాటా అనకపోవడం.
నరసన్నపేట బంగారం కొట్టు బేరం,
పలాస జీడిపప్పు రేటు,
డయాలసిస్ మంచం ఎప్పుడు ఖాళీ అవుతుందని
అర్ధరాత్రి ఎవరో అడిగే గొంతు.
అన్నీ దీనికి తెలుసు.
పక్కది పడిపోతే తప్ప నోరు తెరవదు.
కరెంటు మాత్రం రెండూ సమానంగా తింటాయి.

పోయినేడు రెండో బ్యాటరీల వరస చూసి
ఆడిట్ వాళ్లు అడిగారు,
పని చెయ్యని దానికి ఖర్చెందుకని.
ఊరికే ఉండడమే దాని పని అని రాసి పంపాను.
జవాబు రాలేదు.

పరీక్ష చెయ్యాలి కదా.
రాత్రి పదకొండున్నరకి కవిటిలో మా చెల్లి హేమసుందరికి
ఫోన్ చేసి, ఆపకుండా మాట్లాడు అన్నాను.
దేని గురించి?
దేని గురించయినా.
పెరట్లో కొబ్బరిచెట్టు సంగతి ఎత్తుకుంది.
"పిడుగు" అంది.
మొదటి కార్డు పీకేశాను.
"పడింది" అంది.
ఆ రెండు మాటల మధ్య ఏమీ జరగలేదు.

ఏదయినా తెగినట్టు వినిపించిందా?
"లేదే. ఇంతకీ ఎప్పుడు పీకుతావు?"

మా పనిలో చప్పట్లు ఇలాగే ఉంటాయి.

పుస్తకంలో రాశాను:
కార్డులు రెండు. కరెంటు రెండు వైపుల నుంచి.
ఫైబరు హైవే వెంట ఒకటి, రైలు పట్టాల వెంట ఒకటి.
రక్షణ: ఉంది.
కింద సంతకం, కొంచెం పెద్దదిగానే.

తెల్లారి దాలినాయుడు వచ్చాడు,
చెప్పులు గుమ్మం బయట ఒగ్గేసి.
లైన్‌మెన్. ముప్పై ఒక్కేళ్లుగా తవ్వుతున్న మనిషి.
పుస్తకం చదివించుకుని విన్నాడు. నవ్వలేదు.

"రెండు తోవలన్నావు గదా బావూ,
ఊరి బయట గెడ్డ కాడ
రెండూ ఒక్క కల్వర్టు కిందే దూరతాయి, ఎరికేనా?
నానే పాతినాను. ఒక్క గొట్టానికే డబ్బులిచ్చినారు.
గెడ్డ పొంగితే నీ రెండో కార్డు
ఏటి ఇంటాది?"

ఇద్దరం వెళ్లి చూశాం.
జమ్ము పొదల్లో, సిమెంటు పెళ్ల ఊడిన చోట
నల్ల గొట్టం. లోపల రెండు కేబుళ్లు
ఒకే దుప్పట్లో ముడుచుకున్న పిల్లల్లా.
నీళ్లు ఇంకా మడమల్లోతే.
భావనపాడు వైపు ఆకాశం మాత్రం బాగులేదు.

"ఎగువన పాత రాతి వంతెన కింద
ఇంకో గొట్టం పట్టుద్ది. తోవ నాకు తెలుసు."
ఇంకెవరికి తెలుసు?
ఆలోచించాడు. గెడ్డలోకి ఉమ్మాడు.
"ఇంకెవులికి?" అన్నాడు.
మార్చికి అతను రిటైరు.

పుస్తకం తీసి "ఉంది" కొట్టేశాను.
ఖాళీ పేజీ తిప్పి తోవంతా గీయమన్నాను,
ప్రతి మలుపూ, ప్రతి జాయింటూ.
గడ్డపార అయితే పడతాను గానీ
పెన్ను చేతిలో నిలవదన్నాడు.

సరే, చెప్పు అని
కల్వర్టు గోడ మీద కూర్చున్నాను.
మొదటి గీత సగంలో ఉండగా
పేజీ మీద చినుకు పడింది.
చొక్కాతో అద్ది
"తర్వాత?" అన్నాను.