గేటు లెక్క

పొద్దున్నే బోర్డుకు నాలుగు గుండుపిన్నులు గుచ్చినా.
పచ్చకాగితం మీద లావు అక్షరాలు:
మన లైబ్రరీకి అవార్డు.
పుస్తక ప్రదర్శన కాగితం పీకినా, ఉగాది అవధానం కాగితం పీకినా.
ఒకటి తీసి ఇంకోటి పెట్టే సందులో
చెక్క మీద అగుపడేదంతా బొక్కలే.
పదహారేండ్ల వార్తలు.

ఏడాదికి రెండు లక్షల పదకొండు వేల నూటానలుగురు
వచ్చినారంట మా లైబ్రరీకి.
ఎవరు లెక్కపెట్టినారు?
గేటు కాడ ఎర్రకన్ను మిషను.
దాని పక్కన స్టూలు మీద నేను,
సంచులు తీసుకొని బిళ్లలిచ్చే చెంగల్రాయులు.
ఆ లెక్కలో ఏముండాదో నాకు తెల్సు.

మే నెల రెండు గంటలప్పుడు
కొండ తన వేడినంతా తిరుపతి మీదికి తోస్తే
ఫ్యాను కిందికి వచ్చినోళ్లు ఉండారు.
బాటిలు నింపుకొని పొయ్యినోళ్లు ఉండారు.
మా పుస్తకం ఒక్కటీ తెరవకుండా
సొంత గైడు తెచ్చుకొని, గ్రూపు-టూ కలలో మెడలు వంచి
పొద్దుగూకేదాకా కదలని పీలేరు, పుత్తూరు పిలకాయలు ఉండారు.
బిడ్డను కౌన్సెలింగుకు తోడుకొచ్చి
వరండాలోనే చెప్పులిడిచి
"లోపలికి రావచ్చునా నాయనా" అన్న సత్యవేడు ఆయమ్మ ఉండాది.
ఏసుకొనే రామ్మా అంటే వినలా.
అచ్చరాలుండే చోటంట.
టీకి పొయ్యొచ్చే నేను, దినానికి ఆరుసార్లు.
కోతి మాత్రం లెక్కలో లేదు,
అది కిటికీలో వచ్చింది.

గంగజాతర నాడు
పట్టుచీర, జడనిండా కనకాంబరాలు, కాళ్లకు గజ్జెలు,
మీసం మీద కూడా పసుపు పూసుకున్న ఆడమనిషి ఒకరు
గల్లుగల్లుమంటా వచ్చి నా ముందర నిలబడింది.
సంకలో లావుపాటి పుస్తకం.
"నేనే అన్నా, ఎకనామిక్సు రెడ్డెప్పని.
ఈ దినం ఇయ్యకపోతే ఫైను పడతాది."
మొక్కు అమ్మకు, బాకీ మాకు.
రెండూ ఒకే నడకలో తీర్చుకొని పోతా ఉండాడు.
మిషను ఒకటి అని రాసుకుంది.
ఆడా మగా అడగలా.

అది ఇంకోటి కూడా అడగదు,
లోపలికొచ్చిన మనిషే బయటికి పోతా ఉండాడా అని.
నగరి మగ్గాలింటి పిల్ల, వళ్లియమ్మ.
మూడేండ్లూ నలభైమూడో నంబరు బిళ్లే కావాలనేది.
మొదట్లో పుస్తకం అడిగేదానికి గొంతు లేచేది కాదు,
చీటీ రాసి నా చేతిలో పెట్టి, నేల చూసేది.
ఆఖరి దినం కౌంటరు కాడ పెద్దసారుతోనే తగులుకుంది:
"పేజీలు చించినోన్ని పట్టుకోండి సార్, చదివినదాన్ని కాదు."
హాలంతా తలలెత్తి చూసింది.
గేటు దాటేటప్పుడు ఎర్రకన్ను
ఎప్పటిమాదిరే ఒకసారి మిణికింది.

సాయంత్రం సభ.
నూటాఇరవై కుర్చీలు మోసినా.
వేదిక మీద పద్నాలుగు మంది, పద్నాలుగు శాలువలు.
సభ ఉండాదని రీడింగు హాలు మూసేసినారు.
పిలకాయలు బయట మెట్ల మీద
లైటు కింద పురుగులు తోలుకుంటా చదువుకున్నారు.
డైరెక్టరు సారు మైకు పట్టుకొని,
"వచ్చే ఏడాది మూడు లక్షలు దాటాల" అన్నాడు.
చప్పట్లు. నేనూ కొట్టినా,
అరచేతుల్లోంచి కుర్చీల తుప్పు రాలింది.

అందరూ పొయ్యినాక
అవార్డును గాజు అల్మరాలో పెట్టి తాళమేసినా.
అదీ ఒక బిళ్లే, నంబరు లేదు అంతే.
తుడవాల్సింది మాత్రం నేనే.
లైట్లార్పి గేటు దాటినా.
టిఫిను కారియరు మరిచిపోయినా.
మళ్లీ లోపలికి, మళ్లీ బయటికి.
చీకట్లో మూడుసార్లు మిణికింది కన్ను.

మొదలుపెట్టినా సార్.